కన్నీరు కారే పొడి కన్ను

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉపన్యాసకులము కాము. తిరువూరులో పాతికేళ్ళుగా బట్టలు కుట్టుకుని బ్రతుకుతున్న భార్యాభర్తలము. వేదిక మీద నిలబడినది ఒక్కరే అయినా చెప్పేది ఇద్దరి మాట. మీరు పడిన బాధ నలుగురికీ చెబితే ఒక్కరికైనా ఉపయోగపడుతుందని కార్యదర్శి గారు పట్టుబట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏడేళ్ళ క్రితం సంగతి. మాకు రంజాన్ నెలలో పని యెక్కువ. రాత్రి రెండింటి దాకా మిషన్ ఆగదు. ఆ నెలలోనే మా ఇంటావిడకు కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. ఇసుక పోసినట్లు గరగర, మంట. సాయంత్రమయ్యేసరికి చూపు మసక. రెండుసార్లు రెప్ప వేస్తే మళ్ళీ తేట. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లను పిలిచేది. ఆ పిల్ల "ఏంటి ఖాలా, ఏడుస్తున్నావా?" అని అడిగేది. చుట్టాలైతే మా ఇద్దరికీ ఏదో గొడవ అనుకున్నారు!

అందరూ చేసేదే మేమూ చేశాము. మెడికల్ షాపుకి పోయి "కళ్ళు ఎర్రబడ్డాయి, చుక్కల మందు ఇవ్వండి" అన్నాము. ఇచ్చారు. రెండు రోజుల్లో హాయి. ఆపితే మళ్ళీ మంట. మళ్ళీ అదే సీసా. ఇలా రెండేళ్ళు గడిచాయి. నడుమ ఒకరు గులాబ్ జల్ అన్నారు, ఒకరు తేనె అన్నారు, ఒకరు సుర్మా అన్నారు. ఏదీ వదలలేదు. కళ్ళద్దాలు రెండుసార్లు మార్చాము. ఒక డాక్టరు గారు చూసి, "కంట్లో ఏమీ లేదమ్మా, నిద్ర తక్కువ, ఆలోచన యెక్కువ" అని పంపేశారు. ఆ మాట ఆమెకు మంట కంటే యెక్కువ బాధ కలిగించింది. పైకి కనిపించని జబ్బు ఎవరికని చెప్పుకోవాలి?

చివరకు మైలవరం మీదుగా బస్సులో విజయవాడ పోయి పెద్ద కంటి ఆసుపత్రిలో చూపించాము. అక్కడ మా సంచిలోని చుక్కల సీసా చూసి డాక్టరమ్మ గారు ముందు కంటి ఒత్తిడి కొలిచారు. "ఇందులో స్టిరాయిడ్ వుంది. ఒత్తిడి బాగా పెరిగిపోయింది. ఇలాగే వాడుకుంటూ పోతే కంటి నరం దెబ్బతింటుంది. ఆ నరం పోతే చూపు తిరిగి రాదు" అన్నారు. మా నోట మాట రాలేదు. మంట పోతుందని మా డబ్బుతో మేమే గుడ్డితనాన్ని కొనుక్కుంటున్నామన్న మాట. అల్లాహ్ దయవల్ల ఆ చుక్కలు మాన్పించి వేరే మందు ఇచ్చాక ఒత్తిడి దిగింది.

తరువాత ఒక సన్నని కాగితం ముక్క తీసి క్రింది రెప్పలో తగిలించి, ఐదు నిమిషాలు వుంచారు. దీనిని షిర్మర్ పరీక్ష అంటారు. జర్మనీ వైద్యుడు ఆటో షిర్మర్ 1903లో చెప్పిన పద్ధతి. కాగితం పది మిల్లీమీటర్లకు తగ్గకుండా తడిస్తే సామాన్యంగా నీటికి కొరత లేనట్లు, ఐదు లోపు అయితే బాగా తక్కువ అన్నట్లు. మా ఆవిడది పన్నెండు వచ్చింది. ఆ తరువాత పసుపురంగు మందు వేసి, రెప్ప వేయకుండా చూడమని, కంటి మీద తడిపొర ఎన్ని సెకండ్లు నిలుస్తుందో లెక్కించారు. పది సెకండ్లన్నా నిలవాలట. నాలుగింటికే చెదిరిపోయింది. "మీది పొడి కన్ను" అన్నారు.

"నీళ్ళు కారుతుంటే పొడి కన్ను ఏంటమ్మా?" అని మేము అడిగాము. ఇక్కడున్న వారిలో చాలామందికి ఇదే అనుమానం వస్తుంది. ఆమె చెప్పినది మా భాషలో చెబుతాము. కంటి మీది తడి ఒంటి పొర కాదు, లైనింగు వేసిన బట్ట లాంటిది. అడుగున కంటికి అంటుకునే జిగురు, మధ్యన నీరు, పైన సన్నని నూనె. పాల మీద మీగడ లాగా ఆ నూనె నీటిని ఆరిపోకుండా కాపాడుతుంది. నూనె ఇచ్చే గ్రంథులు రెప్పల అంచుల్లో వరుసగా వుంటాయి. వీటిని 1666లో వర్ణించిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరు మీదనే నేటికీ పిలుస్తారు. అవి మూసుకుపోతే నీరు వెంటనే ఆరుతుంది, కన్ను మండుతుంది, ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్ళు కురిపిస్తుంది. ఆ నీళ్ళు వరదలాగా వచ్చి పోయేవే గాని నిలిచి కాపాడేవి కావు.

మన పని కూడా దానికి తోడైంది. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేస్తాడు. కుట్టు మీద, పుస్తకం మీద, ఇప్పుడు సెల్‌ఫోను మీద దృష్టి పెడితే అది సగానికి పడిపోతుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాను, కట్టెల పొయ్యి పొగ, ఊదు పొగ, మన వైపు మిరపకాయల తొడిమలు తీసేటప్పటి ఘాటు, అన్నీ కంటి మీదికే. నలభై అయిదు దాటిన ఆడవారికి ఇది యెక్కువ. జలుబు మాత్రలు కొన్ని, మానసిక వ్యాధి మందులు కొన్ని కన్నీటిని తగ్గిస్తాయి. కంటితోపాటు నోరు కూడా ఎండిపోతూ కీళ్ళు నొప్పిగా వుంటే అది వేరే జబ్బు కావచ్చు. స్వీడన్ వైద్యుడు షోగ్రెన్ 1933లో దానిని విపులంగా వ్రాశాడు. రక్తపరీక్ష అవసరము. అందుచేత అందరి పొడి కన్నూ ఒకటి కాదు, అందరి మందూ ఒకటి కాదు.

"ఎన్నాళ్ళలో పోతుంది?" అని అడిగాము. "పోదు. షుగరు, బీపీ లాగా అదుపులో వుంటుంది" అన్నారు. తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అవి రోగపు నీళ్ళో, నిజం నీళ్ళో మాకు తెలియలేదు.

కాని ఆ మాటే మాకు మేలు చేసింది. పోగొట్టే మందు కోసం తిరగడం మానేసి, అదుపు చేసే పని మొదలుపెట్టాము. ఉదయం, రాత్రి శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద పది నిమిషాలు. తరువాత రెప్పల అంచులను మెల్లగా ఒత్తి తుడవడం. డాక్టరమ్మ వ్రాసిన కృత్రిమ కన్నీటి చుక్కలు. రోజుకు నాలుగుసార్ల కంటే యెక్కువ వేయవలసివస్తే, చెడిపోకుండా కలిపే మందు లేని రకమే వాడాలన్నారు, ఎందుకంటే ఆ కలిపిన మందే కంటికి చేటు. కొన్నాళ్ళకు సైక్లోస్పోరిన్ చుక్కలు కూడా వ్రాశారు. మొదట మండాయి. గుణం కనిపించడానికి మూడు నెలలు పట్టింది. రెండో వారమే మానేసి వుంటే, ఇదీ పనికిరాదని చెప్పుకునేవాళ్ళము. టేబుల్ ఫ్యాను కాళ్ళ వైపుకి మార్చాము. ప్రతి అరగంటకు మిషన్ ఆపి, కళ్ళు మూసుకుని ఇరవైసార్లు రెప్పలు వేస్తుంది. రోజాలో చుక్కలు వేసుకోవచ్చా అని మౌల్వీ సాబ్‌ను అడిగాము. కంటి చుక్కతో రోజా పోదన్నారు.

సుర్మా విషయం కూడా చెప్పాలి. పెద్దల అలవాటును తక్కువ చేయడం మా ఉద్దేశ్యం కాదు. బజారులో సుర్మా పేరుతో అమ్మేవి చాలావాటిలో సీసం వున్నట్లు పరీక్షల్లో తేలింది. పసిపిల్లలకు అది విషం. పొడి కంటికి ఆ పొడి మరో మంట.

ఇంతకంటే తీవ్రమైన వారున్నారు. కొన్ని మందులు వికటించి ఒళ్ళంతా బొబ్బలెక్కే స్టీవెన్స్ జాన్సన్ అనే జబ్బు తరువాత కన్ను పూర్తిగా ఎండిపోయేవారికి, పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను కంటికి అమర్చే శస్త్రచికిత్స హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వైద్యులు చేస్తున్నారు. 1987లో మొదలైన ఆ సంస్థకు విజయవాడ దగ్గర తాడిగడపలో 2011 నుండి శాఖ వుంది. దారి లేదని ఎవరూ కూర్చోవద్దు.

చివరగా మూడు మనవులు. మొదటిది, పాత చీటీ చూపించి చుక్కల మందు కొనవద్దు. స్టిరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పినన్నాళ్ళే వాడాలి. రెండవది, ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళు మండుతున్నాయంటే, ఏమీ కనిపించడం లేదని కొట్టిపారేయవద్దు. మూడవది సంఘానికి. మన కంటి శిబిరాల్లో శుక్లాలు, కళ్ళద్దాలు చూస్తున్నారు, సంతోషం. ఈసారి వచ్చే డాక్టరు గారిని ఆ కాగితం ముక్కలు కూడా తెమ్మని అడగండి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు లేక మాకు రెండేళ్ళు పోయాయి.

మొన్న రంజాన్‌కి మా ఆవిడ నలభై జతలు కుట్టింది. పదింటికల్లా మిషన్ మూసేస్తున్నాము. సూదిలో దారం మాత్రం ఇప్పటికీ ఆ పక్కింటి పిల్లే ఎక్కిస్తుంది. అది కంటి జబ్బు కాదు, వయస్సు!