కట్టుడు పండ్లు

(మెదకు పట్టణమున సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



గత సంవత్సరము మహాసభారంభమున మంగళశ్లోకము చదువుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. జ్వరమని చెప్పి తప్పించుకొంటిమి. అది యబద్ధము. ముప్పదియైదేండ్లు బాలురకు తవర్గమును, లకార సకారములును దంత్యములని బోధించి, తుదకు నోట దంతములు నిలువక ‘సరస్వతి’ యను మాటయే పలుకలేని స్థితికి వచ్చితిమి. సిగ్గుచే సభకు రాలేదు.

మా చిగుళ్లనుండి పదేండ్లుగా నెత్తురు వచ్చుచుండెను. ఉప్పునీళ్లు పుక్కిలించి యూరకుంటిమి. సుశ్రుతాచార్యుడు 65 ముఖరోగములను చెప్పి, అందు 15 దంతమూలములవే యనెను. చీము నెత్తురులు కారి పండ్లు కదలు ‘దంతవేష్టము’ వానిలో నొకటి. సంహితను చదివియు మా నోటిని చూచుకొనమైతిమి! మధుమేహ మున్నవారికి ఈ వ్యాధి మఱింత ముదురునని తరువాత తెలిసినది.

పండ్లన్నియు తీయించిన పది దినములకే యొకచోట (పేరేల?) కట్టుడు పండ్లు చేయించుకొంటిమి. రెండు నెలలు బాగుండెను. పిమ్మట క్రిందివరుస వదులై, మాటాడినపుడెల్ల లేచి, అంచు లొరసి పుండ్లు పడెను. పండ్లు పోయిన దవడయెముక తఱుగును; తొలియేట మిక్కిలి వేగముగను, పిమ్మట మెల్లగను తఱుగుచునే యుండును. చిగుళ్లవ్యాధిచే మా యెముక ముందే కరిగియుండెను. పైవరుసకు అంగిలి యాధారము కలదు. క్రిందివరుసకు అదియు లేదు, నాలుక దానిని కదలించుచుండును.

తుదకు హైదరాబాదులో 1959లో స్థాపితమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వెళ్లితిమి. అచటి డాక్టరమ్మ పండ్లను తీసి ప్రక్కన బెట్టి, “సారూ, పుండ్లు మానేదాక ఇవి పెట్టుకోవద్దు. కొత్తవి వచ్చినంక గూడ రాత్రి తీసి నీళ్లల్ల వేసుకోండ్రి” అనినది. చిగుళ్లు కుదుటబడిన పిదప మరల నచ్చు తీసి, మైనముపై పండ్లు కూర్చి, మా నోట బెట్టి సకారము పలుకుమనిరి. మా పాఠము మాకే యప్పగించిరని నవ్వు వచ్చినది.

పోషకుల కొక్క విన్నపము. ఈ సభకు వచ్చిన పెద్దలలో ఎందఱో నోరు మూసికొని నవ్వుచున్నారు; మేము చూచితిమి. భోజనశాలకు వెచ్చించు ద్రవ్యములో కొంత తీసి, వచ్చు సభనాటికి ఒక దంతవైద్యుని పిలిపించి వీరి చిగుళ్లను పరీక్షింపజేయుడు. నమలలేనివారికి అన్ని పిండివంట లేల?

మాకిప్పటికిని సకినములు విరుగవు. జొన్నరొట్టె పాలలో నానవేసి తినుచున్నాము. మంగళశ్లోకము మాత్రము నేటి యుదయము మా నోటనే మీరు వింటిరి.