రాజపాళయం జాగిలం: స్వభావం, సంరక్షణ



పెంపుడు కుక్క అనగానే మనకు అల్సేషియన్, పొమరేనియన్, లాబ్రడార్ అనే పేర్లు తడతాయి. అవన్నీ పరదేశపు పేర్లు. మన దేశంలో పుట్టి పెరిగిన జాతుల పేర్లు చెప్పమంటే మాత్రం చదువుకున్నవారు కూడా తడుముకుంటారు. అటువంటి జాతులలో ఒకదానిని గురించి, అందులోనూ తెలుగువారితో చిరకాల బంధుత్వం గల జాతిని గురించి ఈనాడు ముచ్చటించదలచాను.

రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లాకు చెందిన పట్టణం. పశ్చిమ కనుమల పాదాల చెంత ఉన్నది. వందల ఏండ్ల క్రిందట తెలుగుదేశం నుండి తరలిపోయి అక్కడ స్థిరపడిన రాజుల కుటుంబాలలో నేటికీ ఇంటి భాష తెలుగే. 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించి, తరువాత ఒరిస్సా గవర్నరుగా పనిచేసిన పి. ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఈ జాగిలాన్ని తరతరాలుగా పోషించినవారిలో ఆ రాజులది ముఖ్యస్థానం. తెలుగు పిలుపుకు తోక ఊపే తమిళనాటి కుక్క అన్నమాట! అడవిపంది వేటకూ, తోటల కాపలాకూ దీనిని పెంచేవారు. 2005 జనవరి 9న మన తపాలాశాఖ నాలుగు దేశీయ జాతుల మీద బిళ్లలు వెలువరించినపుడు ముధోల్, రాంపూర్ జాగిలాలతోను, హిమాలయ గొర్రెల కాపరి కుక్కతోను పాటు దీనికీ చోటు దక్కింది.

ఎత్తు సుమారు రెండడుగుల పైమాటే. లోతైన రొమ్ము, పొడవైన కాళ్లు, పొట్టి వెంట్రుకలు, పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు. చూడముచ్చటైన జంతువే గాని, అందరితో ఆడుకునే స్వభావం కాదు. ఇంటివారిని, అందులోనూ ఒక్కరిని, విశేషంగా అంటిపెట్టుకొంటుంది. కొత్తవారు చేయి వేస్తే సహించదు. నేర్పితే నేర్చుకొంటుంది కాని కొట్టి నేర్పించబోతే మొండికేస్తుంది. పిల్లగా ఉన్న మొదటి మూడు నాలుగు మాసాలలో నలుగురు మనుషులకు, వీధి చప్పుళ్లకు, ఇతర జంతువులకు అలవాటు చేయకపోతే ఆ జంకు పెద్దయ్యాక కోపంగా మారుతుంది. అప్పుడు కుక్కను నిందించి ప్రయోజనం లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. మనం మెచ్చుకొనే ఆ తెలుపే ఈ జాతికి శాపమైనది. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. వినికిడి కణాలు బ్రతికి ఉండటానికి వాటి సహాయం అవసరం. ఒళ్లంతా తెల్లనైన పిల్లలలో కొన్నింటికి ఆ కణాలు చెవిలో ఉండవు. పుట్టిన కొద్ది వారాలలోనే వినికిడి నశిస్తుంది. మందు లేదు. ఈతలో గోధుమరంగు, నలుపు, మచ్చల పిల్లలు కూడా పుడుతుంటాయి. కాని కొనేవారు తెలుపే కోరుతారు గనుక రంగు పిల్లలను పుట్టగానే చంపటం, పారవేయటం కొందరు పెంపకందార్లకు అలవాటుగా వచ్చింది. ఇది క్రూరత్వం మాత్రమే కాదు, తెలివితక్కువతనం కూడా. ఉన్నదే కొద్ది సంఖ్య. అందులో తెలుపునూ తెలుపునే జతకలుపుతూ పోతే చెవుడు తరిగేదెట్లా?

పిల్లకు వినబడుతున్నదో లేదో తెలుసుకొనటానికి, అది చూడకుండా వెనుక నిలిచి తాళపుచెవుల గుత్తి గలగలలాడించండి. నేలను తన్నకూడదు, అదురు కాళ్లకు తెలుస్తుంది. ఒక చెవి మాత్రమే పనిచేస్తే ఈ పరీక్షకు అందదు. పశువైద్యుల వద్ద యంత్రపరీక్ష కావాలి. చెవిటి కుక్కను వదలివేయనవసరం లేదు. చేతి సైగలతో చక్కగా నేర్చుకొంటుంది. నిద్రలో ఉన్నపుడు మీదపడి తాకకుండా, ఎదుటినుండి సమీపించాలి. వీధిలో త్రాడు విడువరాదు.

సంరక్షణ కష్టమైనది కాదు. వెంట్రుక పొట్టిది గనుక ముతకగుడ్డతో తుడిస్తే చాలు. చెవులలో, వ్రేళ్లసందున పిడుదులు చూస్తూండాలి. రంగులేని ముక్కు, చెవి అంచులు ఎండకు కమిలిపోతాయి. మిట్టమధ్యాహ్నం నీడ తప్పనిసరి. మూడు మాసాల వయసులో రేబీస్ టీకా, పిదప వైద్యుడు చెప్పిన గడువున మళ్లీ వేయించాలి. అన్నిటికన్న ముఖ్యం పరుగు. ఈ కుక్క మూడు గదుల మేడకు పుట్టలేదు. గొలుసుతో గుంజకు కట్టి మరచిపోయే కుక్కను తగినంత తిప్పకపోవటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఎవరైనా పిల్లను కొనదలిస్తే, తల్లిని చూపించమని అడగండి. ఈతలో పుట్టినవి ఎన్ని, వాటిలో రంగువి ఎన్ని, అవి ఇప్పుడెక్కడ ఉన్నవి అని కూడా అడగండి. జవాబు చెప్పటానికి తటపటాయించేవారి వద్ద కొనకండి.