యంత్రం సాయం పట్టాలి, బిడ్డ నడవాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 నాది 1986 పదో తరగతి బ్యాచ్. కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి, "నీ ఉద్యోగం గొప్పలు వద్దు, పిల్లలకు పనికొచ్చేది చెప్పు" అన్నారు. అందుకని నడక ఇబ్బంది ఉన్న పిల్లల కోసం వస్తున్న, ఒంటికి తొడుక్కునే రోబోల గురించి చెబుతాను.

రోబో అనగానే మనకు రజనీకాంత్ గుర్తొస్తాడు. ఇది అలాంటిది కాదు. తొడకు ఒక పట్టీ, పిక్కకు ఒక పట్టీ, మోకాలి పక్కన చిన్న మోటారు, నడుము దగ్గర బ్యాటరీ. దీన్ని ఎక్సోస్కెలిటన్ అంటారు. పీతకు లోపల ఎముక ఉండదు, బయట డిప్ప ఉంటుంది కదా. అలా ఒంటి బయట ఉండే అస్థిపంజరం అన్నమాట.

మన తరం వాళ్లకు నడవలేని పిల్లలంటే పోలియో పిల్లలే. మా తరగతిలో ఒకడు ఇనప కాలిపర్‌తో వచ్చేవాడు. వరండాలో టక్కు టక్కుమని చప్పుడైతే వాడు వస్తున్నాడని తెలిసేది. మేడ మీద క్లాసున్న రోజు ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎక్కించేవాళ్లం. వాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ అందింది. రెండు చుక్కల మందుతో సాధించిన ఘనత అది.

ఆ కాలిపర్ల కథలో హైదరాబాదుకూ చోటుంది. అబ్దుల్ కలాం గారు డీఆర్‌డీఎల్‌లో క్షిపణుల పని చూస్తున్న రోజుల్లో, నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు ఆ ల్యాబుకు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాం గారిని తమ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు 3 కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. ఈ సంగతిని కలాం గారు ఎన్నో సభల్లో సంతోషంగా చెప్పుకున్నారు. మా ఇంజినీర్లకు అందులో ఒక పాఠముంది. పదార్థం ల్యాబులోనే ఉంది, అవసరం ఆస్పత్రిలో ఉంది. మధ్యలో ఒక మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు పిల్లల్లో నడక ఇబ్బందికి పెద్ద కారణం సెరిబ్రల్ పాల్సీ. దీని మూలం కాల్లో లేదు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ తర్వాత పెరగదు. కానీ దానివల్ల కండరాలు బిగుసుకుంటాయి. ఎముక పెరుగుతూ ఉంటుంది, బిగిసిన కండరం దాంతో సమానంగా సాగదు. కొందరికి మోకాళ్లు వంగిపోయి, సగం కూర్చున్నట్టుగా నడుస్తారు. ఈ సభలో గోడకుర్చీ శిక్ష పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు, నాతో సహా. రెండు నిమిషాలకే తొడలు వణికేవి. ఆ పిల్లలు గోడ కూడా లేకుండా గోడకుర్చీ వేస్తూ బడికి నడిచి వస్తున్నారనుకోండి. వయసుతో పాటు ఒళ్లు బరువెక్కుతుంది. చిన్నప్పుడు నడిచిన పిల్లల్లో కొందరు పెద్దయ్యేసరికి చక్రాల కుర్చీకి చేరేది అందుకే.

నేను ముప్పై ఏళ్లుగా మోటార్లు, గేర్లతో బతుకుతున్నవాణ్ణి. ఆరేళ్ల క్రితం ఒక పిల్లల ఫిజియోథెరపీ కేంద్రంలో ట్రెడ్‌మిల్ బాగుచేయమంటే వెళ్లాను. అప్పటినుంచి నా ఆదివారాలు చాలావరకు అక్కడే. అక్కడి థెరపిస్టు అమ్మాయి మొదట్లోనే ఒక మాట చెప్పింది. "సార్, పనంతా మీ మోటారే చేస్తే వీడు హాయిగా నిద్రపోతాడు." ఈ రంగం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. బిడ్డ ప్రయత్నించాలి, తక్కువైనంత మేరకే యంత్రం అందించాలి. పిల్లవాడికి సైకిల్ నేర్పేటప్పుడు సీటు వెనక పట్టుకుంటామే, అలా.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2017లో సరిగ్గా ఇదే పరీక్షించి చూపారు. 5 నుంచి 19 ఏళ్ల వయసున్న 7గురికి మోకాలి దగ్గర మోటారున్న తొడుగు వేశారు. నడకలో అవసరమైన క్షణాల్లో మాత్రమే అది మోకాలు చాపడానికి సాయపడింది. 7గురిలో 6గురి మోకాళ్లు మునుపటికన్నా బాగా చాచుకున్నాయి. ముఖ్యమైన సంగతేమిటంటే, వాళ్ల సొంత కండరాలు పని మానలేదు. 7గురు చిన్న లెక్కే, కానీ దారి సరైనదని తెలిసింది. స్పెయిన్‌లో ఎలెనా గార్సియా అర్మాదా అనే ఇంజినీరు, కండరాల బలం బాగా తగ్గిన పిల్లల కోసం నిలువెత్తు తొడుగు తయారుచేసి, 2022లో యూరప్ ఆవిష్కర్తల అవార్డుల్లో ప్రజల ఓటుతో బహుమతి అందుకున్నారు. కెనడాలో మన్‌మీత్ మగ్గు, తన కుటుంబంలోని ఒక బిడ్డ కోసం మొదలుపెట్టి, వాకర్‌కు బిగించే రోబో కాళ్లు చేశారు.

ఇందులో కష్టమెక్కడ అని పిల్లలు అడుగుతారు. మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, మోకాలికి కావలసింది నెమ్మదైన, బలమైన కదలిక. గేర్లతో వేగం తగ్గించి బలం పెంచుతాం. కానీ గేరు మరీ ఎక్కువైతే బిడ్డ తన కాలిని తాను కదపలేడు, తొడుగే సంకెళ్లవుతుంది. రెండోది, బిగిసిన కండరాన్ని వేగంగా లాగితే ఇంకా బిగుస్తుంది. కాబట్టి యంత్రానికి ఓపిక నేర్పాలి. మామూలు నడకలో ఒక్కో కాలు నూటికి 60 వంతుల సమయం నేల మీద, 40 వంతులు గాల్లో ఉంటుంది. పాదం కింది సెన్సరు ఏ కాలు ఎక్కడుందో చెబుతుంటే, దాన్ని బట్టి సాయం మారాలి. మోకాలు వెనక్కి విరగకుండా సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఊరుకోకుండా లోహపు అడ్డు కూడా పెట్టాలి. మూడోది, పిల్లలు పెరుగుతారు. మన అమ్మలు యూనిఫాం నిక్కరు అంచు లోపలికి మడిచి కుట్టించి, ఏటేటా విప్పేవాళ్లు. మా తొడుగుకూ ఆ తెలివి కావాలి.

మా కేంద్రంలో ఒక తల్లి నన్నడిగింది, "ఇది వేసుకుంటే మావాడు నడుస్తాడా సార్?" అని. "నడిపిస్తుందని మాట ఇవ్వలేనమ్మా. నిటారుగా నిలబడి సాధన చేసే సమయం పెంచొచ్చు. డాక్టరు చెప్పిన వ్యాయామం, కాలికి పెట్టే బ్రేసు మాత్రం మానొద్దు" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "నడక సంగతి ఎలా ఉన్నా, బాత్రూముకు తనంతట తాను వెళ్తే చాలు సార్. ఎల్లకాలం నేను ఎత్తుకోలేను కదా" అంది. ఆ తర్వాత మా బల్ల మీద పని వరస మారింది. వేగంగా నడవడం పక్కన పెట్టాం. కుర్చీలోంచి లేవడం, నాలుగడుగులు వేయడం, మళ్లీ కూర్చోవడం, ఈ మూడింటి మీదే కూర్చున్నాం. ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాం.

ఈ యంత్రాల ధర ఇవాళ లక్షల్లో ఉంది. మన నిధితో ఒకటి కొనమని నేను అడగను. దానికన్నా ముందు చేయాల్సిన పనులున్నాయి. బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమైతే "వాడే నడుస్తాడులే" అనుకోకుండా డాక్టరుకు చూపించాలి. మన మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపీ కూడా దొరుకుతుంది. టీచర్లు ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం బడి భవనం ఆ పిల్లలకు అందుబాటులో ఉండాలి.

హెడ్మాస్టరు గారు నిన్న చెప్పారు, మన ఊరి పాప ఒకతె ఏడో తరగతిలో పేరుండి కూడా చాలా రోజులు ఇంటి దగ్గరే ఉండిపోతోందని. అడ్డం వచ్చినవి మన వరండా మెట్లు, మన మరుగుదొడ్డి. మెట్లు మూడు. ఉదయం టేపు పెట్టి కొలిచాను, ఎత్తు ఒకటిన్నర అడుగు. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు చొప్పున 18 అడుగుల ర్యాంపు సరిపోతుంది. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు కావాలి. చక్రాల కుర్చీ పట్టే తలుపుతో ఒక మరుగుదొడ్డి, ఏడో తరగతి కింది గదికి మార్చడం, అంతే. రేపు రోబో వచ్చినా అది మెట్టు దగ్గర ఆగిపోకూడదు కదా.

ర్యాంపు ఖర్చు మా 1986 బ్యాచ్ పెట్టుకుంటుంది. పొద్దున్నే అందరం మాట్లాడుకున్నాం. మరుగుదొడ్డి ఏ బ్యాచ్ తీసుకుంటుందో భోజనాలు అయ్యేలోగా కార్యదర్శి గారికి చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో పని మొదలుపెడితే, బడి తెరిచేనాటికి సిమెంటు ఆరుతుంది.