వేసుకునే ఊరును బట్టి ఊలు

(పెన్షనర్ల కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల దగ్గరకు వెళ్లినపుడు చేసుకునే అల్లిక పని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. రెంటచింతల ఎండలకు పేరుపడిన పల్నాట్లో ఊలు మీద ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. మనది పత్తి, మిరప పండే నేల. మన వైపు గొర్రెలు మాంసానికి పెంచేవి. వాటి ఒంటి మీద పొట్టి వెంట్రుకే గాని వడకటానికి పనికొచ్చే ఉన్ని ఉండదు. గొంగళ్లు నేసే నల్ల ఉన్ని పాలమూరు వైపు గొర్రెలది. మన బజార్లలో దొరికే వర్ధమాన్, ఓస్వాల్ వంటి ఊళ్లు లూథియానా కంపెనీలవి. అయినా నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో ఊలు అల్లే ఆడవాళ్లు ఉన్నారు. కారణం మీకు తెలిసిందే. వారు అల్లేది తమకోసం కాదు, చలి ఊళ్లకు వెళ్లిన పిల్లలకోసం, మనవలకోసం.

నేను చెప్పదలచిన ముఖ్య విషయం కూడా ఇదే. అల్లేవారి ఊరును బట్టి కాదు, వేసుకునేవారి ఊరును బట్టి ఊలు కొనాలి. వీలైతే ఆ ఊరు వెళ్లాకే కొనాలి.

పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగేవారు మనలో చాలామంది. హైదరాబాదు చలికి పల్చటి ఊలుతో చేతుల్లేని స్వెట్టరు చాలు. ఢిల్లీ జనవరికి నిండు చేతులది, మెడ దాకా వచ్చేది కావాలి. అమెరికా సంగతి వేరు. చలి ప్రాంతాలలో బయట మంచు పడుతున్నా ఇంటి లోపల యంత్రం వెచ్చగా ఉంచుతుంది. దళసరి స్వెట్టరు లోపల వేసుకుంటే పిల్లవాడికి చెమటలు పడతాయి. అక్కడ పల్చటి స్వెట్టరు ఒకటి, బయటకు వెళ్లటానికి చెవులు మూసే టోపీ, మఫ్లరు అల్లితే రోజూ వాడతారు.

ఉతికే పద్ధతి కూడా చూడాలి. అసలు ఉన్నితో అల్లినదాన్ని వేడి నీళ్లలో వేసి మిషనులో తిప్పితే కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఉద్యోగం చేసుకునే కోడలు పిల్ల ప్రతి స్వెట్టరునూ విడిగా చేత్తో ఉతకలేదు. అందుచేత మిషనులో ఉతకవచ్చునని చీటీ మీద రాసి ఉన్న ఉన్ని గాని, ఆక్రిలిక్ గాని తీసుకోవాలి. ఆక్రిలిక్ చవక, మెత్తన, గుచ్చుకోదు. అయితే నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర తిరిగే పిల్లలకు అది తగదు.

ఇక సూదులు. మన దేశంలో పాత బ్రిటిషు నంబర్లు వాడుకలో ఉన్నాయి. నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికాలో నంబరు పెరిగితే సూది లావవుతుంది. మన 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, వారి 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. అక్కడి పుస్తకం చూసి ఇక్కడి సూదులతో అల్లితే కొలత తప్పుతుంది. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోండి. అక్కడి ఊలు చీటీ మీద లావును 0 నుంచి 7 వరకు అంకెలతో తెలుపుతారు. పిల్లల స్వెట్టర్లకు 3, టోపీలకు, మఫ్లర్లకు 4 సరిపోతాయి. అదే చీటీ మీద రంగు వేసిన విడత నంబరు కూడా ఉంటుంది. కొన్న ఉండలన్నిటికీ ఆ నంబరు ఒకటే ఉండాలి. లేకపోతే ఒకే రంగు అనుకున్నది ఎండలో రెండు రంగులుగా కనిపిస్తుంది. ఒక ఉండ ఎక్కువే కొనండి. మిగిలినది టోపీకి వస్తుంది.

కొలత కోసం పిల్లవాడికి ఇప్పుడు సరిపోతున్న చొక్కాను పరచి కొలిచి చెప్పమని ఫోనులో అడగండి. ఛాతీ చుట్టుకొలతకు 2, 3 అంగుళాలు కలపండి. ఎదిగే పిల్లలు. రంగు మాత్రం తల్లినీ, బిడ్డనూ అడిగే నిర్ణయించండి.

రైలులో అల్లికకు అడ్డేమీ లేదు. విమానంలో అమెరికా నిబంధనలు అల్లిక సూదులను చేతి సంచిలో అనుమతిస్తున్నా, తనిఖీ అధికారి మాటే చివరి మాట. సూదులు పెద్ద పెట్టెలో పెట్టటం మేలు.

ఇంత శ్రమ ఎందుకు, రెడీమేడ్ స్వెట్టరు ఇంతకంటే చవక కదా అని పిల్లలు అంటారు. నిజమే. ఊలు ధరకే బజారులో స్వెట్టరు వస్తుంది. కాని అక్కడికి వెళ్లిన తల్లిదండ్రుల రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. ఉదయం 8 గంటలకు అందరూ వెళ్లిపోతారు. వీధిలో మనిషి కనిపించడు. కారు నడపటం రాదు. ఆరు నెలలు ఉండాలని వెళ్లి, మూడో నెలలోనే తిరిగి వస్తామనేవారు మన సంఘంలోనే ఉన్నారు. అటువంటి చోట ఊలు కొనాలంటే గడప దాటాలి. కూతురు గాని, కోడలు గాని శనివారం పూట వెంటబెట్టుకుని వెళ్లాలి. అక్కడి జోఆన్ దుకాణాలు 2025లో మూతపడ్డాయి గాని, మైకేల్స్, హాబీ లాబీ ఉన్నాయి. ఆ గంటసేపు అత్తా కోడళ్లు ఒకే పని మీద, ఒకే రంగు గురించి మాట్లాడుకుంటారు. అమెరికాలో చాలా ఊళ్ల గ్రంథాలయాలలో అల్లికవారు వారానికోసారి ఉచితంగా కలుసుకుంటారు. అక్కడ కూర్చోవటానికి ఇంగ్లీషు బాగా రానవసరం లేదు. చేతిలోని అల్లిక చూపిస్తే పక్కావిడే పలకరిస్తుంది. కూడా తీసుకుపోయేందుకు మన నరసాపురం లేసు ముక్క ఒకటి పెట్టెలో వేసుకోండి. ఆ క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి ఆడవారి చేతిపని అని చెప్పుకోవటానికి మనకూ గర్వంగా ఉంటుంది.

మగవారికి ఇందులో పనేమిటని అడగకండి. చిన్నప్పుడు బడిలో తకిలీతో నూలు వడికిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. ఊలు చిలపగా వస్తే రెండు చేతులకూ తగిలించుకుని కూర్చునేవారు ఒకరు కావాలి. మనవడు ఆ పనిలోకి వస్తే ఇంకా మంచిది. చిలప విప్పే అరగంటసేపు వాడు కదలటానికి వీల్లేదు, మీరు చెప్పే కబుర్లు వినక తప్పదు. వాడికి తెలుగు నాలుగు మాటలు అబ్బేది అప్పుడే.

కనుక ఈసారి ప్రయాణానికి పచ్చళ్లు, పొడులు కట్టుకునేటపుడు ఒక జత సూదులు కూడా మరచిపోవద్దని మనవి. ఊలు అక్కడే కొనండి, మీ పింఛను డబ్బుతోనే కొనండి. అల్లిక నేర్చుకోదలచినవారికి నాకు తెలిసినంతలో నేర్పటానికి సిద్ధంగా ఉన్నాను.