మంచు క్రింది అనుమానము

భయము రెండు విధములు. పులిని చూచి పరుగెత్తుట మొదటిది. ప్రక్కనున్నవాడే పులియేమోనని తలచి నిద్ర మానుకొనుట రెండవది. మొదటి భయమునకు తలుపు మూసికొనుట మందు. రెండవ భయము తలుపు మూసినకొలది పెరుగును; శంకింపబడినవాడు మనతోబాటు లోపలనే యున్నాడు గదా! ఈ రెండవ భయమును చిత్రించిన యొక టెలివిజన్ నాటకమును గూర్చి ఈ ప్రసంగములో ముచ్చటింప దలచితిమి.

దాని పేరు ‘ఐస్’, అనగా మంచుగడ్డ. అమెరికాలో ఫాక్స్ సంస్థవారు ప్రసారము చేసిన ‘ది ఎక్స్-ఫైల్స్’ అను ధారావాహికలో అది ఎనిమిదవ భాగము. 1993 నవంబరు 5వ తేదీన తొలిసారి ప్రసారమైనది. గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ అను ఇరువురు దానిని రచించిరి. డేవిడ్ నట్టర్ దర్శకత్వము వహించెను. కథనంతయు ఒకే చోట నడపి వ్యయము తగ్గింపవలెనన్న ఆలోచనతో దానిని తలపెట్టిరి. ఆ ఇరుకే దానికి బలమైనది. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట దానిని మరల చూచితిమి. అందలి పురుగును చూచినపుడు కలుగు జుగుప్స ఇప్పుడు కొంత తగ్గినది; మనుష్యులను చూచినపుడు కలుగు భీతి మాత్రము తగ్గలేదు.

ఈ కథకు పూర్వీకులు కలరు. 1938లో జాన్ కాంప్‌బెల్ అను అమెరికా రచయిత, డాన్ స్టూవర్ట్ అను మారుపేరుతో, ‘హూ గోస్ దేర్?’ అను పెద్దకథను ప్రకటించెను. చీకటిలో అలికిడి విన్న కావలివాడు ‘ఎవరక్కడ?’ అని వేయు కేకయే ఆ పేరు. దక్షిణ ధ్రువ ప్రాంతమున కొందరు శాస్త్రజ్ఞులకు మంచులో గడ్డకట్టిన పరగ్రహజీవి యొకటి దొరకును. కరగి లేచిన ఆ జీవి ఏ ప్రాణి రూపమునైనను ధరింపగలదు. ఇక శిబిరములో ఎవరు మనిషి, ఎవరు కారు?

1951లో హోవర్డ్ హాక్స్ నిర్మించిన చలనచిత్రము ఈ ప్రశ్నను విడిచి, కథను ఉత్తర ధ్రువమునకు మార్చి, ఆ జీవిని బయటినుండి మీదపడు రాక్షసునిగా చూపెను. చివర ఒక పత్రికా విలేఖరి రేడియోలో మాటలాడి, ఆకాశమును కనిపెట్టి యుండవలసినదని లోకమును హెచ్చరించును. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ మరల కాంప్‌బెల్ ప్రశ్నకే వచ్చినది. శిబిరవాసుల నెత్తుటిని కాల్చిన తీగతో పరీక్షించు ఘట్టము ఆ చిత్రమున మిక్కిలి ప్రసిద్ధము.

‘ఐస్’ ఈ వంశములోనిదే. అలాస్కాలోని ఐసీ కేప్ వద్ద మంచును లోతుగా తొలిచి పరిశోధించుచున్న శాస్త్రజ్ఞులు ఒకరినొకరు చంపుకొందురు. కారణము తెలిసికొనుటకు మల్డర్, స్కల్లీ అను ప్రభుత్వ పరిశోధకులును, హాడ్జ్, మర్ఫీ, డసిల్వా అను మువ్వురు శాస్త్రజ్ఞులును, ఒక విమాన చోదకుడును పోవుదురు. మంచునుండి వెలువడిన సన్నని పురుగు మనిషి దేహమున జొచ్చి, మెదడులో హైపోథాలమస్ అను భాగమున నివసించి, హంతకుని క్రోధము పుట్టించుచున్నదని తేలును. చోదకుడు ఆ పురుగువలననే మరణించును. తుపాను దారి మూసివేయును.

ఇందులో కల్పన యెంత? 1993 జూలై 1వ తేదీన అమెరికా శాస్త్రజ్ఞులు గ్రీన్‌లాండ్ మంచుపొరను 3,053 మీటర్లు తొలిచి అడుగు రాతిని చేరిరి. ఐసీ కేప్ సముద్రపు టొడ్డున నున్న పల్లపు నేల. అట్టి మంచుపొర అక్కడ లేదు. అయినను, శరీరమున జొచ్చిన సూక్ష్మజీవి నడవడిని మార్చుననుట కట్టుకథ కాదు. పిచ్చికుక్కను చూచినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు.

రచయితల నేర్పు మరియొక చోట నున్నది. పురుగు సోకినవాని లక్షణమేమి? కోపము, అనుమానము, ఎదుటివానిపై విరుచుకుపడుట. పురుగు సోకినదేమోనని భయపడినవాని లక్షణమేమి? అవియే! కాంప్‌బెల్ సృష్టించిన జీవి మనిషివలె నటించెను. ఇక్కడ ఆరోగ్యముగా నున్న మనిషియే రోగివలె ప్రవర్తించును. చర్మముపై నల్లని బొడిపెలు రోగచిహ్నమని తొలుత తలంతురు. కుక్క యొంటిమీది బొడిపెలు మాయమగుటతో ఆ ఆధారమును పోవును. మర్ఫీ హత్య జరుగును. శవముచెంత మల్డర్ కనబడును. అంతట అతనిని ఒక గదిలో త్రోసి తాళము వేయుదురు. విచారణ లేదు. ఎక్కువమందికి కలిగిన భయమే తీర్పు.

ఒక పురుగున్న దేహములోనికి రెండవ పురుగును పంపినచో రెండును పోరి చచ్చునని పిమ్మట కనుగొందురు. కాని రోగికి మందైన ఆ పురుగు ఆరోగ్యవంతునికి రోగమే. తీర్పు తప్పినచో నిర్దోషికి చికిత్సయే శిక్షయగును. అందుచేత స్కల్లీ ఒంటరిగా ఆ గదిలోనికి పోయి మల్డర్ మెడను పరీక్షించును. ఏమియు లేదు. ఆమె వెనుదిరుగబోగా అతడు నిలిపి, ఆమె మెడను అట్లే పరీక్షించును. మాటలు లేవు. పరీక్షించినవారును పరీక్షకు లోబడిరి. ఆ క్షణమున వారిమధ్య అనుమానము తొలగినది. వెలుపలనున్న ఇరువురు మాత్రము దీనిని నమ్మక మల్డర్‌కు బలవంతముగా పురుగును ఎక్కింపబోవుదురు. అప్పుడు బయటపడును: పురుగున్నది డసిల్వా దేహములో! అందరికంటె గట్టిగా నిందించిన హాడ్జ్‌కు రోగమే లేదు. అతనిని ఆడించినది వట్టి భయము.

2020లో కరోనా వ్యాపించినపుడు దగ్గిన పొరుగువానిని చూచి తలుపులు మూసికొన్న దినములు శ్రోతలు మరచియుండరు. దూరముగా నుండుట అప్పుడు అవసరమే. కాని ఆసుపత్రినుండి కోలుకొని వచ్చినవారిని, వారికి సేవచేసినవారిని సయితము దోషులవలె చూచిన వీధులును ఉన్నవి. జాగ్రత్త వేరు, నింద వేరు. జాగ్రత్త తనకును వర్తించును. నింద ఎదుటివానికే వర్తించును.

కథాంతమున ఆ పరిశోధనాలయమును కాల్చివేయుదురు. పురుగు కాలినదో, మంచు అడుగున ఇంకను ఉన్నదో కథ చెప్పదు. 1951నాటి విలేఖరి ఆకాశమును చూడుమనెను. ఈ నాటకము ప్రక్కవానిని చూచు మన చూపునే పరిశీలించుకొనుమనుచున్నది. ‘ఎవరక్కడ?’ అని కేకవేయు కావలివానికి ఆ హక్కు కలదు. అదే ప్రశ్న తనను ఎవరేని అడిగినపుడు వెలుగులోనికి వచ్చి నిలుచుట అతని ధర్మము.