పొద్దున్నే స్టార్ట్ చేస్తే గలగల: పాత డీజిల్ కారులో సప్పుడు ఎక్కడిదో పట్టుకునుడు ఎట్ల?

మాట్లాడే ముందు ఒకసారి ఈ సప్పుడు వినండి.

(ఇక్కడ ఎనిమిది సెకన్ల రికార్డింగ్ వినిపించాను.)

విన్నరా? మొదటి నాలుగు సెకన్లు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగల. తర్వాత తగ్గిపోయి మామూలు డీజిల్ కటకట. ఇది మా ఇంటి కారే. 2011 మోడల్ స్విఫ్ట్ డిజైర్, డీజిల్, 1,43,000 కిలోమీటర్లు తిరిగింది. డిసెంబర్ చలిల పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే మా నస్పూర్ గల్లీ మొత్తం లేచేది.

ఈ ఎపిసోడ్‌లో తప్పు నాదే, ముందే చెప్తున్న. మా బాపు సింగరేణిల ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయిండు. బాయిల నుంచి నీళ్లు తోడే పంపులు, మోటార్లు, వాటి బేరింగులు, ఇదే ఆయన పని. దసరా టైంకే నాతో అన్నడు: "సప్పుడు మారింది రా, ఆయిల్ చూడు." నేనేమన్న? "బాపూ, ఏమన్న ఉంటే డ్యాష్‌బోర్డ్‌ల లైటు వస్తది." బీటెక్ చదివిన, నాలుగేండ్లు సాఫ్ట్‌వేర్‌ల చేసిన, కాబట్టి లైటు రాలేదంటే ప్రాబ్లం లేనట్టే అనుకున్న.

ఆ ఎర్ర లైటు సంగతి మీరన్నా తెలుసుకోండి. అది ఆయిల్ ప్రెషర్ లైటు. ఆయిల్ పాతదైందా, తగ్గిందా అనేది అది చెప్పదు. ప్రెషర్ బాగా పడిపోయినప్పుడే వెలుగుతది. అది వెలిగిందంటే మీరు ఇప్పటికే లేట్. నేను ఆయిల్ మార్చి అప్పటికి 17,000 కిలోమీటర్లు దాటింది. మార్చాల్సింది 10,000కి.

మొదట చూపించిన షాపులో బానెట్ తెరిచి పది సెకన్లు విన్నరు. "బోర్ అయింది తమ్మీ, ఇంజిన్ దించాలె, డెబ్బై వేలు" అన్నరు. ఇంకొకాయన ఉన్నది ఉన్నట్టు 90,000కి కొంటా అన్నడు. బాపు రిటైర్ అయినప్పుడు వచ్చిన పైసల్లో కొన్న బండి అది. ఆయన ఏమీ అనలేదు. నాకు అదే ఇంకా బాధ.

నా తెలివి చూడండి, ఫోన్‌లో రికార్డ్ చేసి వాట్సాప్‌లో నలుగురు దోస్తులకు పంపిన. నాలుగు జవాబులు వచ్చినయ్: ట్యాపెట్, నాజిల్, టర్బో, "అమ్మేయ్". తప్పు వాళ్లది కాదు. ఫోన్ మైకు మనిషి గొంతు కోసం ట్యూన్ చేసింది. ఒకే తీరుగా వచ్చే మోతను అది నాయిస్ అనుకుని నొక్కేస్తది, పెద్ద సప్పుడును తగ్గిస్తది, చిన్నదాన్ని పెంచుతది, ఆపైన యాప్ కుదిస్తది. కాబట్టి కామెంట్లలో క్లిప్ పెట్టి "అన్నా, ఇదేంది?" అని అడగొద్దు. ఎప్పుడు వస్తది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కినంకనా, యాక్సిలరేటర్ ఇస్తే మారుతదా, క్లచ్ తొక్కితే పోతదా, ఇవి రాయండి. అవే ఎక్కువ చెప్తయ్.

ఇంజిన్ గురించి రెండు ముక్కలు. ఇది 1248 సీసీ, ఫియట్ డిజైన్. ఫియట్ మల్టీజెట్ అంది, మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. పుంటో, విస్టా, స్విఫ్ట్, రిట్జ్, ఇన్ని బండ్లలో ఇదే ఉండేసరికి దీనికి నేషనల్ ఇంజిన్ అని ముద్దుపేరు వచ్చింది. 2020లో బీఎస్-6 వచ్చినప్పుడు మారుతి డీజిల్ ఆపేసింది, కానీ మన రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నయ్. ఇందులో టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటది. ఆ చైన్‌ను టైట్‌గా పట్టుకునే టెన్షనర్ ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తోనే పని చేస్తది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ కిందికి దిగుతది. పొద్దున స్టార్ట్ చేయంగనే ప్రెషర్ వచ్చేదాకా టెన్షనర్ పట్టు ఉండదు. చైన్ బాగుంటే మీకు తెలియదు. చైన్ సాగి ఉంటే, గైడ్లు అరిగి ఉంటే, ఆ మూడు నాలుగు సెకన్లు చైన్ కవర్ లోపల కొట్టుకుంటది.

ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. బాపు పొడుగాటి స్క్రూడ్రైవర్ పట్టుకొని బయటికి వచ్చిండు.

మొదలు ఇంజిన్ ఆపి డిప్‌స్టిక్ తీసిండు. కింది గీతకు కూడా ఆయిల్ అందట్లే. రంగు మాత్రం చూడలేదు. "డీజిల్ బండిల ఆయిల్ పోసిన వారానికే నల్లగైతది, రంగు చూసి ఏం చెప్తవ్" అన్నడు. లెవెల్‌కు పోసి స్టార్ట్ చేస్తే సప్పుడు సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆయిల్‌తో సంబంధం ఉన్న సప్పుడే అని అక్కడ తేలింది.

తర్వాత నన్ను క్లచ్ తొక్కమన్నడు. మార్పు లేదు, అంటే గేర్‌బాక్స్ బేరింగ్ కాదు. ఇంజిన్ ఆపి ఫ్యాన్ బెల్ట్ విప్పి, మళ్లీ అర నిమిషం నడిపినం. ఆల్టర్నేటర్, వాటర్ పంపు తిరగట్లే, సప్పుడు మాత్రం ఉంది. అంటే అవీ కాదు. బెల్ట్ లేకుండా అంతకంటే ఎక్కువ నడపొద్దు, వాటర్ పంపు తిరగక ఇంజిన్ వేడెక్కుతది.

సాఫ్ట్‌వేర్ బుర్ర ఒక్కచోట మాత్రం పనికొచ్చింది. ఐడిల్‌లో 850 ఆర్పీఎం అంటే క్రాంక్ సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతది, క్యామ్ దాంట్లో సగం, ఏడు. రికార్డింగ్‌ను ల్యాప్‌టాప్‌లో వేసి దెబ్బలు లెక్కపెట్టిన. సెకనుకు ఏడు లెక్కన పక్కాగా టక్ టక్ వస్తే పైభాగమో, ఒక నాజిలో అని అనుమానించొచ్చు. కింద కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే సప్పుడు బరువుగా, దబదబ ఉంటది, యాక్సిలరేటర్ ఇస్తే పెరుగుతది. నాది రెండూ కాదు. లెక్కకు దొరకని గలగల. చైన్‌కు లెక్క ఉండదు.

బాపుకు ఈ గ్రాఫ్ చూపిస్తే "మంచిగుంది" అని స్క్రూడ్రైవర్ మొనను వాల్వ్ కవర్ మీద పెట్టి, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించిండు. అక్కడ మామూలే. నాజిళ్ల దగ్గర, మామూలే. గేర్‌బాక్స్‌కు ఎదురు వైపు, టైమింగ్ కవర్ మీద పెట్టంగనే నా వైపు చూసిండు. నేనూ విన్న. లోపల సైకిల్ చైన్ జారుతున్నట్టే. (మీరు చేస్తే ఫ్యాన్, బెల్టులకు దూరంగా పెట్టండి. వదులు బట్టలు, మెడలో ట్యాగులు వద్దు. ఇంకోటి, ఈ ఇంజిన్లలో నాజిల్ పైపులు విప్పి చెక్ చేయొద్దు. పాత అంబాసిడర్‌లకు అట్ల చేసేవాళ్లు. ఇది కామన్ రైల్, లోపల వెయ్యి బార్‌కు పైన ప్రెషర్ ఉంటది, సన్నని డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతది.)

అయినా రెండో షాపు మేస్త్రీకి చూపించినం. ఆయన స్కానర్ పెట్టి ఒక్కో సిలిండర్‌ను ఆపి చూసిండు. ప్రతిసారీ ఇంజిన్ ఊగింది కానీ గలగల అట్లనే ఉంది. అంటే నాజిళ్లు కాదు. తర్వాత ఆయిల్ దించి జల్లెడ పట్టిండు, ఫిల్టర్ కాగితం మడతలు విప్పి చూసిండు. బేరింగ్ పోతే మెరిసే పొడి కనపడాలె. లేదు. కానీ గోరంత నల్ల ప్లాస్టిక్ తునక దొరికింది. చైన్ గైడ్ ముక్క.

ఆ ముక్క చూసినంక నాకు చెమట పట్టింది. ఎందుకంటే ఈ ఇంజిన్‌లో చైన్ పళ్లు దాటితే పిస్టన్ పోయి వాల్వుల మీద కొడ్తది. అప్పుడు నిజంగానే హెడ్ దించాలె, డెబ్బై వేలు నిజమైతది. దసరా నుంచి డిసెంబర్ దాకా నేను ఆ బండి తోలిన. అమ్మను ఎక్కించుకొని రెండుసార్లు రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోయి వచ్చిన, సిద్దిపేట దాటినంక వంద స్పీడ్‌ల.

రిపేర్ రెండు రోజులు పట్టింది. చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదు. చైన్, టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు అన్నీ సెట్‌గా మార్చాలె. దానికి ఆయిల్ సంప్ దించాలె, టైమింగ్ కవర్ తీయాలె. క్రాంక్‌ను, క్యామ్‌లను పిన్నులతో లాక్ చేసి మాత్రమే చైన్ విప్పాలె. "గుర్తు పెట్టుకుంటా, పిన్నులు అక్కర్లే" అనే మేస్త్రీ దగ్గర ఈ పని చేయించొద్దు, నా మాట వినండి. బిగించినంక స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూసుకోవాలె. మా మేస్త్రీ చెప్పకుండానే తిప్పిండు, అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. సామాన్లు, ఆయిల్, కూలి అన్నీ కలిపి 19,400 అయింది.

బండి తెచ్చిన మర్నాడు పొద్దున ఆరింటికి బాపు, నేను స్టార్ట్ చేసినం. గలగల లేదు. మామూలు డీజిల్ కటకట ఉంది, అది ఉండాల్సిందే, చల్లటి డీజిల్ ఇంజిన్ సైలెంట్‌గా ఉండదు. రెండువేల ఆర్పీఎం దగ్గర మాత్రం ఇంకో జుయ్య్‌మనే మోత వినిపించి గుండె ఆగింది. కిందికి వంగి చూస్తే సైలెన్సర్ మీది రేకు వదులైంది. హోస్ క్లిప్ ఒకటి బిగిస్తే పోయింది. అరవై రూపాయలు.

బాపు డబ్బా నుంచి తెల్ల టేపు తెచ్చి బానెట్ లోపలి వైపు అంటించిండు. పెన్ను నా చేతికిచ్చి "రాయి" అన్నడు. 1,43,260 అని రాసిన, కింద 1,53,260. ఆయన చూసి, రెండోది కొట్టేసి 1,50,000 అని రాసిండు.