దుర్మార్గం అనే మాట



మంచి కానిదాన్ని చెప్పడానికి మనకు మాటలకు కొదవ లేదు. చెడు, తప్పు, నేరం, పాపం, దుర్మార్గం, దౌర్జన్యం. ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటాం. కాని వాటి బరువులు వేరు.

మన 'చెడు'ను తమిళులు 'కెడు' అంటారు. పాలు చెడతాయి, కాలం చెడుతుంది. అందులో ఎవరి ఉద్దేశమూ ఉండనక్కరలేదు. 'తప్పు' అంటే దారి తప్పడం, గురి తప్పడం. దిద్దుకుంటే సరిపోతుంది. నేరమేదో చట్టం చెబుతుంది. 'పాపం' చేసినవాడికి అంటుతుంది. బాధపడేవాణ్ణి చూసినా 'అయ్యో పాపం' అంటాం. 'దుర్మార్గం'లో మార్గం ఉంది. చెడ్డదని తెలిసీ నడిచే దారి అది. దారి అన్నాక పదిమందీ నడుస్తారు. బలమున్నవాళ్లు బలహీనుల మీద ఆ దారిన నడిస్తే దౌర్జన్యం అంటాం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మన ధర్మపురి జిల్లాకు బాగా తెలుసు. 1992 జూన్ 20న హరూరు ప్రాంతంలోని వాచాత్తి అనే గిరిజన గ్రామంపై అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది దాడి చేశారు. గంధపు చెక్కల కోసం సోదా అన్నారు. ఇళ్లు ధ్వంసం చేశారు, 18 మంది స్త్రీలపై అత్యాచారం చేశారు. పైగా ఆ ఊరివాళ్లనే దొంగలన్నారు, స్త్రీలను సైతం జైలుకు పంపారు.

నిందితులు 269 మంది. తీర్పు వచ్చేసరికి 54 మంది చనిపోయారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు మిగిలిన 215 మందినీ దోషులుగా తేల్చింది. అందులో అత్యాచారం చేసినవారు 17 మంది. మిగతావారి నేరాలు వేరు, శిక్షలూ వేరు. అయినా నిర్దోషి అని ఒక్కరూ బయటపడలేదు. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఆనాటి కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు, జిల్లా అటవీ అధికారులపైనా చర్య తీసుకోమంది.

శ్రోతలారా, ఇలాంటివాటి గురించి 'ఏదో తప్పు జరిగిపోయింది' అంటుంటాం. ఆ వాక్యంలో చేసినవాడు కనబడడు. జరిగింది వేరు, చేశారు వేరు. దుర్మార్గాన్ని తప్పు అని తేలిక చేస్తే, బాధపడినవాళ్లకు అది రెండో దెబ్బ. వాచాత్తి స్త్రీలు సరైన మాట కోసం 19 ఏళ్లు కాచుకున్నారు. కోర్టు సంగతి అలా ఉంచి, ఆ మాట వాడడానికి మనకు అంత కాలం పట్టనక్కరలేదు.